తొంభై ఒకటి, మే నెల కట్ట

మేస్త్రీ చిన్నసుబ్బయ్య నిచ్చెన మీద నిలబడి దూలాన్ని పిడికిలితో తట్టి చూశాడు. చెవి ఆనించి మళ్ళీ తట్టాడు. కిందికి దిగి, తలగుడ్డ విప్పి మెడ తుడుచుకుంటూ మా ఆయనతో కాక నాతో చెప్పాడు.

"అమ్మా, పైన రూములో ఏం పెట్టినారో గానీ దూలం బొజ్జ దింపింది. వానలు పడేలోపల బరువు దించల్ల. ల్యాకుంటే మిద్దె మిమ్మల్నడిగి కూలదు."

పైన రూములో ఉన్నవి పేపర్లు. మా మామ బాలకృష్ణయ్య జమ్మలమడుగు బజారులో గుడ్డలంగడి తెరిచిన ఏడాది నుంచి తెప్పించిన దినపత్రికలు. నెలకొక కట్ట చొప్పున పురికొసతో బిగించి, నడుమ నడుమ వేపాకు పెట్టి, గోడ వెంబడి పేర్చుకుంటూ వచ్చాడు. అంగట్లో గుడ్డ చుట్టడానికి చిత్తుకాగితాలు కొనేవాడే గానీ వీటిలోంచి ఒక్కటి తీయనిచ్చేవాడు కాదు. "జరిగింది జరిగినట్టు ఒకచోటన్నా ఉండల్ల" అనేవాడట. నేను ఆ ఇంటి కోడలిగా వచ్చేసరికే ఆ గది నిండిపోయి, కట్టలు మెట్ల మీదికి దిగుతున్నాయి.

చిన్నసుబ్బయ్య వచ్చిపోయింది ఉగాది వెళ్ళిన కొద్ది రోజులకు. అప్పటికి మా మామ మనసు ఈ కాలంలో నిలవడం మానేసింది. ముందటి ఏడాది తాళంచెవులతో మొదలైంది ఆ మతిమరుపు. తరువాత వీధుల పేర్లు పోయాయి. తరువాత నేనెవరో పోయింది. నన్ను "కోడలుపిల్లా" అన్నంత కాలం అని, ఆ తరువాత "ఏమ్మా, ఎవరింటి పిల్లవు?" అని మర్యాదగా అడగడం మొదలుపెట్టాడు. ఉగాది రోజు పొద్దున ఇంటికొచ్చిన పేపరు చేతికిస్తే అటూ ఇటూ తిప్పి అరుగు మీద పారేశాడు.

"ఇదేం పేపరు? సినిమా పోస్టరు మాదిరి అంతా రంగులే. మన పేపరు యాడ?"

మెట్లెక్కి వెళ్ళి తానే ఒక కట్ట దించుకొచ్చాడు. అది తొంభై ఒకటో సంవత్సరానిది. ఆ నెలదే. పురికొస విప్పి పైదాన్ని తీసి, మొదటి పేజీ నుంచి వేరుశనగ ధరల దాకా చదివి, మజ్జిగన్నం తిని నిద్రపోయాడు. మర్నాడు దాని కిందిది తీశాడు. అట్లా రోజుకొకటి. చదివింది మాకు చెప్పేవాడు.

"కువైట్లో యుద్ధం నిలిచిపోయిందంట. మన కడప పిల్లోళ్ళు మళ్ళా పోతాండారు."

"మళ్ళా ఎలక్షన్లంట. దేశానికి ఇదే పని అయిపాయ."

అవునా మామా అనేదాన్ని. చాలా నెలల తరువాత ఇంట్లో అరుపులు లేవు. ప్రొద్దుటూరు డాక్టరు కూడా, ఆయనకు నెమ్మదిగా ఉంటే అట్లే చదువుకోనియ్యండి అన్నాడు. మా అత్త నాగరత్నమ్మ మాత్రం ఆయన చదువుతున్నంతసేపూ వంటింట్లోనే ఉండేది. పనేమీ లేకపోయినా ఉండేది.

పేపర్లు తూకానికి వేద్దామనుకుంటుండగా మా ఆయన మహీధర్ ఫోన్లో ఏదో చూశాడు. పాత పేపరు ఒక్కటి లక్షలకు పోయిందని ఎవడో చెబుతున్న వీడియో. అడగ్గా అడగ్గా ప్రొద్దుటూరులో దావూద్ అనే ఆయన దొరికాడు. బంగారు అంగళ్ళ వెనకసందులో పాత నాణేలు, స్టాంపులు, పాత పత్రికలు కొని బయటి ఊళ్ళకు అమ్మే మనిషి. ఒక ఆదివారం పొద్దున వచ్చి, గది గడప దగ్గరే నిలబడి ముక్కుతో గాలి పీల్చి, "చెదలు ల్యా. బాగుండాది" అన్నాడు.

మహీధర్ వీడియో చూపించబోతే దావూద్ నవ్వాడు. "అవి చేసేటోళ్ళు వీడియోలు అమ్ముకుంటారప్పా, పేపర్లు కాదు. దీంట్లో శానా భాగం తూకానికే పోతాది. మిగిలిందాంట్లో ఏముందో కూర్చోని చూడల్ల."

కూర్చోవడం నా వంతు అయింది. మా ఆయనకు అంగడి ఉంది. ఆ ఎండాకాలమంతా దావూద్ వచ్చిన రోజల్లా ఆయన ఒకవైపు, నేను ఒకవైపు, నడుమ ఒక పాత దుప్పటి. పేపరు విలువ ఎట్లా కడతారో నాకు అప్పుడే తెలిసింది.

ఆయన ముందు మూల చూస్తాడు. అంచును వేలి కొసతో కొద్దిగా వంచుతాడు. వంగితే సరే, అప్పడం మాదిరి విరిగితే పక్కకు. తరువాత నడిమి మడత. రోజూ మడిచి విప్పిన పేపరు అక్కడే చిరుగుతుంది. తరువాత పేజీలన్నీ ఉన్నాయా, ఆదివారం పుస్తకం ఉందా, పజిలు పెన్నుతో నింపారా, నూనె చుక్కలున్నాయా.

ఒక పాత కట్టలో దేశానికి క్రికెట్ కప్పు వచ్చిన వార్త దొరికితే గబుక్కున ఆయన ముందు పెట్టాను. "దావూదన్నా, దీనికి బాగా వస్తాదేమో!"

ఆయన చూసి పక్కన పెట్టాడు. "ఇది ప్రతి ఇంట్లోనూ ఉంటాదమ్మా. గొప్ప సంగతి జరిగిన దినం పేపరును అందరూ దాస్తారు. అందరి దగ్గరా ఉండేదానికి రేటేంది? ఏమీ జరగని దినం పేపరు చూడు, ఎవురు దాస్తారు? దోసెల కింద పోతాది, బీరువాలో పోతాది. అదీ కరువు."

"ఏమీ జరగని దినం ఎవరికి కావాలన్నా?"

"ఆ దినం పుట్టినోనికి కావల్ల." దావూద్ తుడుచుకున్న కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "షష్టిపూర్తికి బిడ్డలు పెద్దాయనకేం ఇస్తారు? శాలువాలు బోలెడున్నాయి. నువ్వు పుట్టిన దినం పేపరు ఇదీ నాయనా అని అద్దాల పటం కట్టిస్తే ఆయన కండ్లల్లో నీళ్ళు తిరుగుతాయి. వాళ్ళకు పెద్ద వార్త అక్కరలేదు, తారీఖు కావల్ల."

సినిమా విడుదల ప్రకటనలున్న పేజీలకు ఆ హీరో అభిమానులు ఉంటారు. మూతపడిపోయిన పత్రికలకు వేరే మనుషులుంటారు. కానీ అన్నిటికన్నా పైమెట్టు పూర్తి సంవత్సరం. జనవరి నుంచి డిసెంబరు దాకా ఒక్కరోజు తగ్గకుండా. "ఒక్కటి తగ్గినా అది సంవత్సరం కాదమ్మా, చిల్లర" అనేవాడు. మా మామ పేర్చినవాటిలో ఒక్కరోజైనా తగ్గిన సంవత్సరాలు చాలా తక్కువ. దావూద్ ముఖంలో ఆ సంతోషం కనిపించేది, దాచుకోవడానికి పాపం చాలా కష్టపడేవాడు.

ఒక రోజు ఆయన గోడ వెంబడి చూసుకుంటూ వచ్చి ఆగాడు. "తొంభై ఒకటి యాడమ్మా? బెంగళూరులో ఒకాయన ఆ ఏడాదినే వెతుకుతాండాడు. గల్ఫు యుద్ధం, నడిమిట్లో ఎలక్షన్లు, దేశం బంగారం తాకట్టుకు పోయింది, మే నెలలో ఆ బాంబు... అంతా ఆ ఒక్క ఏడాదే."

"కింద మామ చదువుతాండాడన్నా. ఏప్రిల్ అయిపోవచ్చింది."

అప్పుడే మా అత్త మజ్జిగ చెంబు పట్టుకుని గడప దగ్గరికి వచ్చింది. చెంబు అక్కడే పెట్టి, గ్లాసులు ఇవ్వకుండానే దిగిపోయింది. దావూద్ చూడలేదు. నేను చూశాను. ఎందుకో అప్పుడే గుర్తుకొచ్చింది.

మా ఆయనకు ఒక అక్క ఉండేది. పద్మశ్రీ. పులివెందులలో పిన్నమ్మ ఇంట్లో ఉండి ఇంటర్ చదివేది. ఆ ఏడాది మే నెలలో సెలవులకు ఇంటికి వస్తూ, రోడ్డు పక్క దీపాలు లేకుండా నిలిపిన నాపరాళ్ళ లారీకి ఆమె ఎక్కిన జీపు గుద్దుకుంది. అదే రాత్రి దేశం మాజీ ప్రధాని బాంబు పేలి చనిపోయాడు. తెల్లారేసరికి రోడ్లు మూతపడ్డాయి, బస్సులు లేవు, బజారు తలుపులు తెరుచుకోలేదు. పిల్లను ఎవరిదో ట్రాక్టరులో తెచ్చారు. ఇంత మంది బంధువులున్న ఇంటికి పలకరింపుకు ఒక్కరూ రాలేకపోయారు. బజారు తెరిచిన రోజే మా మామ కూడా అంగడి తెరిచాడు. ఆ తరువాత ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తలేదు. నాకు పెళ్ళయిన చాలాకాలానికి మహీధర్ చెప్పాడు, అదీ ఒక్కసారి. అక్క పోయేనాటికి అతనికి తొమ్మిదేళ్ళట.

మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు అతనికి చెప్పాను. పళ్ళెం ముందు చెయ్యి ఆపి విన్నాడు.

"మీ అక్క సంగతి పేపర్లో వచ్చిందా?" అని అడిగాను.

"వచ్చిందంట. ఇరవై మూడో తారీఖు. పెద్దమ్మ కొడుకు చెప్పినాడు ఒకసారి." చెయ్యి కడుక్కున్నాడు. "నాయన వరసగా చదువుకుంటా దాని దగ్గరికి పోతాండాడు వాణీ. పాత సంగతని చదవడు. ఈ పొద్దు జరిగిందని చదువుతాడు."

"మరేం చేద్దాం?"

"ఆ కట్ట తీసేద్దాం. ఎట్లా అమ్మేదే కదా."

మే నెల నడిమికి దావూద్ ఎంచిన కట్టలన్నీ చిన్న లారీలో ప్రొద్దుటూరుకు పోయాయి. తొంభై ఒకటి మాత్రం కింద ఉంచి, మామ చదివినవి చదివినట్టు పంపుతామన్నాం. ఇరవయ్యో తారీఖు పేపరు ఆయన చదివి మూసిన మధ్యాహ్నం, ఆయన నిద్రలో ఉండగా మహీధర్ ఆ కట్టను, ఆ ఏడాదిలో మిగిలిన కట్టలను సంచుల్లో పెట్టుకుని స్వయంగా వెళ్ళి దావూద్‌కు ఇచ్చేసి వచ్చాడు. దాని స్థానంలో తొంభై రెండు మే నెలది పెట్టాడు. అదే పత్రిక, అదే నెల, అదే పురికొస.

మర్నాడు మామ పేపరు తీశాడు. మొదటి పేజీ చూసి, లోపలి పేజీలు తిప్పి, మళ్ళీ మొదటికి వచ్చాడు.

"నిన్న దేశమంతా ఓట్లు వేసినారు. ఈ పొద్దు ఆ ఊసే ల్యా. ఏందిది?"

"వేరే పేజీలో ఉంటాదేమో నాయనా" అన్నాడు మహీధర్.

"నాకు చెప్పద్దురా. పేపరోడు తప్పు పేపరు వేసినాడు."

నేను నీళ్ళ బిందె దించి వచ్చేసరికి ఆయన అరుగు మీద లేడు. బనీను, పంచె, చెప్పులు లేని కాళ్ళు. ఎండ నెత్తిన మండుతోంది. ఎప్పుడో పోయిన పేపరు ఏజెంటు అంగడిని వెతుక్కుంటూ బజారు చివరిదాకా నడిచాడట. అక్కడ ఇప్పుడు సెల్‌ఫోన్ల అంగడి ఉంది. ఆ అంగట్లోని పిల్లోళ్ళను "నా పేపరు ఇవ్వండి, దుడ్లు కట్టినా కదా" అని అడిగీ అడిగీ మెట్ల మీద కూలిపోయాడు. వాళ్ళే ఆటోలో తెచ్చారు. మోకాలు చీరుకుపోయి, పెదాలు తెల్లబడి ఉన్నాయి.

గ్లూకోజు ఎక్కించారు. జ్వరం దిగింది గానీ అన్నం ముట్టలేదు. నోటి దగ్గరికి చెంచా తీసుకెళ్తే మొహం పక్కకు తిప్పి, "పేపరు రానీ" అనేవాడు. ఇంకేమీ అడగడు. ఆ రోజూ అంతే, మర్నాడూ అంతే. మనిషి మంచంలో చిక్కిపోవడం కంటికి కనబడుతోంది.

మూడోనాటి పొద్దున మా అత్త వంటింట్లోంచి వచ్చి మంచం పట్టె పట్టుకుని నిలబడింది.

"ఆ కట్ట తెప్పించు మహీ."

"అమ్మా, దాంట్లో..."

"ఏముందో నాకు తెలుసు." కొంగు సర్దుకుంది. "చదవలేదు గానీ, తెలుసు. కడుపు మాడ్చుకోని చచ్చేదానికన్నా చదువుకోనియ్."

మహీధర్ అంగడి తాళాలు తీసుకున్నాడు, మళ్ళీ పెట్టేశాడు. అతని వల్ల కాదని నాకు అర్థమైంది. నేనే బయలుదేరాను.

ప్రొద్దుటూరు బస్సు దిగి బంగారు అంగళ్ళ సందులోకి వెళ్ళేసరికి దావూద్ తొంభై ఒకటి కట్టలన్నిటినీ మైనపు కవర్లలో పెట్టి అట్టపెట్టెల్లోకి సర్దుతున్నాడు. బెంగళూరాయన మనిషి సాయంత్రం వస్తాడట. నేను సంగతి చెప్పాను. పద్మశ్రీ సంగతి కూడా. ఆయన చేతిలో కత్తెర బల్ల మీద పెట్టాడు.

"ఇచ్చేదానికేముందమ్మా. కానీ పెద్దాయన చేతిలో అది నలుగుతాది. నీళ్ళ చెయ్యి పడుతుంది. ఒక మడత పడినా బెంగళూరాయన కనిపెడతాడు. అప్పుడు ఇది పూర్తి సంవత్సరం కాదు. చెప్పిన రేటు రాదు. అది మహీధరప్పకు చెప్పినావా?"

"చెప్పలేదు."

"పేజీలు పెద్ద సైజులో జిరాక్స్ తీసిస్తా, అవి ఇయ్యి."

"ఆయన వాసన చూసి చదువుతాడన్నా. జిరాక్స్ కాగితం చేతికిస్తే ఇంకో పొద్దు ఎండలో పోతాడు."

దావూద్ పెట్టెల వైపు చూశాడు. ఆ ఏడాది కోసం ఆయన ఎంత తిరిగాడో నాకు తెలుసు. మే కట్ట ఉన్న కవరు పైకి తీసి, ఇవ్వకుండా ఇంకాసేపు చేతిలోనే పట్టుకున్నాడు.

"ఆ ఇరవై మూడు ఒకసారి చూస్తా ఉండు" అన్నాను.

బల్ల మీద పరిచాడు. మొదటి పేజీ నిండా నల్లటి అక్షరాలు, కడసారి చూపుకు బారులు తీరిన జనం ఫొటోలు. జిల్లా పేజీ తిప్పితే అడుగున, ఒక విత్తనాల ప్రకటన పక్కన, వేలెడంత వార్త. రోడ్డు ప్రమాదంలో ఇద్దరు మృతి. జమ్మలమడుగుకు చెందిన వస్త్ర వ్యాపారి కుమార్తె పద్మశ్రీ (17). డ్రైవరు పేరు. కేసు నమోదు. అంతే.

దావూద్ నా భుజం మీదుగా చదివాడు. "ఈ పేజీ నేను చూళ్ళేదమ్మా" అన్నాడు. "మూలలు చూసినా, పేజీలు లెక్కబెట్టినా. ఇది చూళ్ళేదు." కవరు నా చేతికిచ్చాడు. "బెంగళూరాయనకు నేనేదో చెప్పుకుంటాలే. పో."

ఇంటికొచ్చి ఇరవై ఒకటి ముందు ఇచ్చాను. వాసన చూశాడు. లేచి కూర్చున్నాడు. చదువుతూ చదువుతూ రాగిసంకటి ముద్ద తిన్నాడు. మర్నాడు ఇరవై రెండు. మొదటి పేజీ చూసి "అయ్యో, అయ్యో" అని తల కొట్టుకున్నాడు. మహీధర్‌ను పిలిచి "అంగడి మూసెయ్‌రా, రాళ్ళు పడతాయి. బయటికి పోవద్దు" అని ఆజ్ఞాపించాడు. మహీధర్ ఆ రోజు నిజంగానే అంగడి తెరవకుండా తండ్రి మంచం పక్కన కూర్చున్నాడు.

ఆ మర్నాడు మా అత్త పొద్దున్నే తలస్నానం చేసింది. ఇన్ని రోజులూ ఆయన పేపరు విప్పగానే వంటింట్లోకి పోయే మనిషి, ఆ పొద్దు ముక్కాలిపీట తెచ్చుకుని ఆయన ఎదురుగా కూర్చుంది. నేను తలుపు పక్కన నిలబడ్డాను. మహీధర్ మెట్ల మీద కూర్చుని నేలను చూస్తున్నాడు.

ఆయన మొదటి పేజీ చదివాడు. రెండోది, మూడోది. తొందరేమీ లేదు. జిల్లా పేజీకి వచ్చి పైనుంచి కిందికి వేలు జరుపుకుంటూ వెళ్ళి, అడుగున ఆగాడు. గట్టిగా చదివాడు. పేరుతో సహా చదివాడు. గొంతు ఎక్కడా తడబడలేదు.

"రత్నా, విన్నావా? మన ఊరి పిల్లే. పదిహేడేండ్లంట." కళ్ళద్దాలు తీశాడు. "ఎవరి బిడ్డో పాపం."

మా అత్త పీట ముందుకు జరుపుకుంది.

"గుడ్డల వ్యాపారం చేసేటోళ్ళంట. మనోళ్ళే అయింటారు. రోడ్లన్నీ బందు. ఎవరన్నా పోయింటారో లేదో. మనం పోయి పలకరించి రావల్ల. లే."

మహీధర్ లేవబోయాడు. మా అత్త చేత్తోనే అతన్ని వద్దంది. ఆయనకు చొక్కా తొడిగింది. పైపంచె భుజాన వేసింది. చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిపించింది. నేను కొంచెం వెనకగా వెళ్ళాను. బజారు అప్పుడే తెరుచుకుంటోంది. తెలిసినవాళ్ళు పలకరిస్తుంటే ఆమె తల ఊపి ముందుకు నడిచింది. అమ్మవారిశాల గుడి దాకా వెళ్ళి, అక్కడ నీడలో కాసేపు నిలబెట్టి, ఇంకో సందులోంచి మళ్ళీ మా వీధికే తీసుకొచ్చింది. మా ఇంటి ముందే ఆగింది.

"ఈ ఇల్లే" అంది.

ఆయన ఇంటిని కింది నుంచి పైదాకా చూశాడు. పరాయి ఇంటికి వచ్చినవాడిలాగా గడప బయటే చెప్పులు విడిచి, తల వంచుకుని లోపలికి వచ్చాడు. చాప మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మా అత్త ఎదురుగా నేల మీద కూర్చుంది. ఆయన ఆమెను చూశాడు. అది భార్యను చూసే చూపు కాదు.

"అమ్మా, మేము గుడ్డలంగడి బాలకృష్ణయ్య ఇంటోళ్ళం" అన్నాడు. "పేపర్లో చూసి వచ్చినాం. ముందే రావల్సింది, రోడ్లు మూసినారు కదా." పైపంచె ఒళ్ళో సర్దుకున్నాడు. "ఏం చెప్పేదానికీ మాటలు లేవు తల్లీ. నీ కడుపుకోత ఇంకొకరికి తెలీదు."

మా అత్త కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏడువమ్మా. ఏడిస్తేనే మంచిది. ఆపుకోవద్దు. ఇంట్లో మగోడు ఏడువడు, అంగట్లో కూర్చుంటాడు. ఆ మనిషిని కూడా తిట్టుకోవద్దు. ఎట్ల తట్టుకోవల్లో తెలీక పోయింటాడు పాపం."

అప్పుడు ఆమె ఏడ్చింది. నేను ఆ ఇంట్లో ఉన్న ఇన్నేళ్ళలో ఆమె గొంతు అంత పైకి లేవడం వినలేదు. ఆయన జరిగి జరిగి దగ్గరికి వచ్చి, పరాయి ఆడమనిషిని ముట్టడానికి సందేహిస్తూ, చెయ్యి గాలిలో నిలిపాడు. ఆమే ఆ చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకుంది.

చాలాసేపటికి ఏడుపు తగ్గింది. ఆయన కూడా పైపంచెతో కళ్ళు ఒత్తుకుంటున్నాడు.

"మాకూ ఒక పాప ఉందమ్మా" అన్నాడు. "మీ పాప ఈడుదే. పులివెందులలో చదువుతాంది. సెలవులకు రావల్ల. ఈ బందులు చూస్తే భయమయితాంది."

మహీధర్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మా అత్త ఆయన మొహంలోకి చూసింది.

"వస్తాది లెండి" అంది. "ఏం భయం లేదు."

పేపరును మళ్ళీ కట్టలో పెట్టబోతే జిల్లా పేజీ అడుగున తడి తగిలి అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. ఎవరి కన్నీళ్ళో చూడలేదు. దావూద్‌కు ఫోన్ చేసి ఉన్నమాట చెప్పాను. "చిల్లర కింద అమ్ముకుంటా, మే నెల మీ దగ్గరే పెట్టుకోండి" అన్నాడు. బెంగళూరాయన తక్కువకు తీసుకున్నాడట, గొణుక్కుంటూనే. వచ్చినదానితో చిన్నసుబ్బయ్య దూలం కింద ఇనుప స్తంభం నిలబెట్టాడు. మృగశిర కార్తెలో వాన పడిన రోజు మేమందరం ఆ దూలం వైపు చూస్తూ కూర్చున్నాం. ఒక్క పెచ్చు రాలలేదు.

మా మామ మే నెల ఆఖరిదాకా చదివాడు. కట్ట అయిపోయిన మర్నాడు పొద్దున పేపరు అడగలేదు. అరుగు మీద ఊరికే కూర్చుని వీధిని చూశాడు. జూన్ కట్ట దావూద్ దగ్గరే ఉండిపోయింది. ఆ తరువాత ఆయన ఎక్కువ కాలం లేడు. కార్తీకంలో పోయాడు. ఈసారి పలకరింపుకు బజారంతా వచ్చింది.

ఆ వానాకాలంలోనే, ఒక మధ్యాహ్నం, మా అత్త చేటలో బియ్యం వేసుకుని రాళ్ళు ఏరుతూ, ఎవరూ అడగకుండానే అంది.

"పద్మకు పచ్చి మామిడికాయంటే ప్రాణం. ఉప్పు కూడా లేకుండా తినేది."

లోపల బట్టలు మార్చుకుంటున్న మహీధర్ గది గడప దాకా వచ్చాడు.

"లేదమ్మా" అన్నాడు. "ఉప్పూ కారం కలుపుకునేది. నువ్వు చూడకుండా నాకూ పెట్టేది."

"యాడ? నేను చూళ్ళేదే!"

"పైన. మిద్దె మీద."

మా అత్త చేట కింద పెట్టి, కొడుకు కూర్చోవడానికి చాప మీద కొంచెం జరిగింది.